ల్యాప్‌టాప్‌లో నల్ల తెర వస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదవండి



పోయిన నెలలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మా పదకొండో తరగతి విద్యార్థి నాన్నగారు ఫోన్ చేశారు. "సార్, మా వాడు ల్యాప్‌టాప్ పాడుచేశాడు. ఆన్ చేస్తే నల్ల తెర మీద ఇంగ్లిష్‌లో రెండు లైన్లు వచ్చి ఆగిపోతోంది. షాపతను ఫార్మాట్ కొట్టాలంటున్నాడు. కొట్టించేయమంటారా?" అని అడిగారు. ఆ రెండు లైన్లు చదవమన్నాను. "ఎర్రర్, నో సచ్ పార్టిషన్. గ్రబ్ రెస్క్యూ" అని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివారు.

"వద్దండీ, ఫార్మాట్ మాత్రం వద్దు. రేపు ఉదయం దాకా ఆగండి" అన్నాను.

ఆ ల్యాప్‌టాప్‌లో పిల్లవాడి పైథాన్ ప్రాజెక్టు, సగం టైపు చేసిన ప్రాక్టికల్ రికార్డు ఉన్నాయి. నాన్నగారి వ్యాపారం బిల్లులు ఉన్నాయి. కిందటేడు కాలం చేసిన వాళ్ల నానమ్మ ఫొటోలు ఉన్నాయి, వాటికి ఇంకెక్కడా కాపీ లేదు. పిల్లవాడికి సంగతి మూడు రోజుల ముందే తెలుసు. తిడతారని చెప్పలేదు. ఆ మూడు రోజులూ "చార్జర్ పనిచేయట్లేదు" అంటూ నెట్టుకొచ్చాడు.

ఇలాంటి ఫోన్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు అయిపోయింది. చాలా పాత ల్యాప్‌టాప్‌లకు విండోస్ 11 ఎక్కదు. దాంతో పిల్లలు యూట్యూబ్ చూసి, లేదా ఇంజనీరింగ్ చదివే అన్నయ్యనో అక్కనో అడిగి, విండోస్ పక్కనే ఉబుంటు లాంటి లినక్స్ కూడా వేసుకుంటున్నారు. ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు ఉండటాన్నే డ్యూయల్ బూట్ అంటారు. అది తప్పూ కాదు, ప్రమాదమూ కాదు. కానీ రెండు సిస్టమ్‌లు ఉన్నచోట అప్పుడప్పుడు ఒక చిన్న భాగం తప్పిపోతుంది. దాని పేరు బూట్ లోడర్.

వాచ్‌మన్ కనిపించకపోతే

ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. ఎ బ్లాకులో విండోస్ వాళ్లు, బి బ్లాకులో లినక్స్ వాళ్లు ఉంటున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. మీరు పవర్ బటన్ నొక్కగానే ఆయన "ఎవరింటికండీ?" అని అడుగుతాడు. తెర మీద ఉబుంటు, విండోస్ అని రెండు పేర్లు కనిపించేది అప్పుడే. కొన్ని సెకన్లలో మీరేమీ చెప్పకపోతే తనకు అలవాటైన బ్లాకుకు పంపేస్తాడు. ఈ వాచ్‌మనే బూట్ లోడర్. లినక్స్ వేసిన కంప్యూటర్లలో సాధారణంగా ఆయన పేరు గ్రబ్.

ఒకరోజు వాచ్‌మన్ లేడు. లేదా ఉన్నాడు కానీ చేతిలో రిజిస్టర్ పోయింది, ఏ ఫ్లాట్ ఎక్కడో చెప్పలేకపోతున్నాడు. ఎ బ్లాకు అలాగే ఉంది, బి బ్లాకు అలాగే ఉంది, ఇళ్లల్లో సామాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫార్మాట్ కొట్టడమంటే వాచ్‌మన్ రాలేదని బిల్డింగు మొత్తం కూలగొట్టి మళ్లీ కట్టడం.

ఈ వాచ్‌మన్ ఎంత చిన్నవాడో చెబితే మీరు నమ్మరు. పాత కంప్యూటర్లలో హార్డ్ డిస్క్ మొదట్లోని 512 బైట్ల గడిలో ఆయన గది ఉండేది. అందులో 64 బైట్లు డిస్క్ ఎలా భాగాలుగా పంచారో చెప్పే పట్టికకు, చివరి 2 బైట్లు ఒక గుర్తుకు పోగా, బూట్ లోడర్ మొదటి అడుగుకు మిగిలేది 446 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి. అంటే మొత్తం కలిపి ఓ 150 సంకేతాలు, ఈ పేరాలో సగం కూడా కాదు. అది చెరిగిపోతే 500 జీబీ డిస్క్ ఉన్న కంప్యూటర్ కూడా గేటు దగ్గరే నిలబడిపోతుంది.

విండోస్ 8 రోజుల నుంచి, అంటే 2012 తర్వాత, విండోస్‌తో పాటు కొన్న ల్యాప్‌టాప్‌లలో పద్ధతి మారింది. పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త ఏర్పాటు వచ్చింది. ఇందులో బూట్ లోడర్ల కోసం డిస్క్‌లో ఒక చిన్న భాగమే వేరుగా ఉంటుంది. దాన్ని ఈఎఫ్ఐ పార్టిషన్ అంటారు. విండోస్ వాచ్‌మన్‌కు అందులో ఒక ఫోల్డర్, ఉబుంటు వాచ్‌మన్‌కు ఇంకో ఫోల్డర్. మొదట ఎవరిని పిలవాలన్న వరస మాత్రం మదర్‌బోర్డు గుర్తుపెట్టుకుంటుంది. మనకు ఇది చాలా మేలు చేసింది. చాలాసార్లు వాచ్‌మన్ ఎక్కడికీ పోడు, పిలిచే వరస మాత్రమే తారుమారవుతుంది.

నా సొంత కథ ఒకటి

ఇరవై ఏళ్ల కిందట నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఉబుంటు సీడీలు అడిగితే పోస్టులో ఉచితంగా పంపేవారు. నా డెస్క్‌టాప్‌లో విండోస్ ఎక్స్‌పీ పక్కన అది వేసుకున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టు అంతా లినక్స్ వైపే ఉంది. వైరస్ వచ్చిందని ఎక్స్‌పీని మళ్లీ ఎక్కించాను. ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు డిస్క్ మొదట్లోని ఆ గడిలో తన కోడ్ రాసుకుంది. గ్రబ్ పోయింది. ఆన్ చేస్తే నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోతోంది. లినక్స్ పోయిందనుకుని షాపుకు తీసుకెళ్లాను. అక్కడతను చూసి, "ఇదేదో తెలియని పార్టిషన్ ఖాళీగా పడుంది" అని దాన్ని ఫార్మాట్ చేసి డి డ్రైవ్‌గా మార్చి ఇచ్చాడు. ఎక్స్‌పీకి లినక్స్ ఫైల్ సిస్టమ్ చదవడం రాదు కాబట్టి దాని కంటికి అది ఖాళీగానే కనిపించింది. అతనిలో దురుద్దేశమేమీ లేదు. నా ఆరు నెలల పని మాత్రం పోయింది. కావలసిందల్లా 446 బైట్లు తిరిగి రాయడమేనని రెండేళ్ల తర్వాత తెలిసింది.

అందుకే ఆ రాత్రి ఫోన్‌లో నా గొంతు కొంచెం పెరిగింది. ఆ నాన్నగారు ఏమీ అనుకోలేదు.

తెర మీద ఏముందో ముందు చూడండి

రిపేరు మాట తర్వాత. ముందు మీ ఫోన్‌తో తెరను ఒక ఫొటో తీయండి. అందులోని మాటలే సగం సంగతి చెబుతాయి.

తెర మీద ఏ లోపమూ లేదు, కానీ ఎంచుకునే మెనూ రాకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోతోంది. ఇది అన్నిటికంటే తేలికైనది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఇలా జరుగుతుంటుంది. కంప్యూటర్ ఆపి, ఆన్ చేసిన క్షణం నుంచి బూట్ మెనూ కీని టకటకా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ ఎక్కువగా పనిచేస్తాయి. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ కొన్నిటిలో ముందు ఎఫ్2 నొక్కి సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేయాలి. వచ్చిన జాబితాలో ఉబుంటు అని ఉంటే వాచ్‌మన్ క్షేమం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటును పైకి జరిపితే పని అయిపోయినట్టే.

గ్రబ్ రెస్క్యూ అని వచ్చింది. అంటే వాచ్‌మన్ వచ్చాడు, రిజిస్టర్ దొరకలేదు. గ్రబ్ మొదటి ముక్క పనిచేస్తోంది, మిగతా ముక్కలున్న లినక్స్ పార్టిషన్ దానికి కనబడటం లేదు. మా విద్యార్థి చేసింది ఇదే. విండోస్‌లో జాగా చాలడం లేదని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, పేరులేని పార్టిషన్ ఒకటి కనిపిస్తే డిలీట్ కొట్టాడు. అదే వాడి ఉబుంటు. ఈ తెర దగ్గర చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఎల్, ఎస్ అని రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కి చూడండి. హెచ్‌డీ0 అంటూ బ్రాకెట్లలో కొన్ని పేర్లు వస్తాయి. అవి మీ డిస్క్, దాని భాగాలు. అవి కనిపించాయంటే డిస్క్ ప్రాణాలతో ఉన్నట్టు. అలా చూడటం వల్ల ఏమీ చెరగదు.

మర్నాడు ఉదయం ఆ నాన్నగారితో ఫోన్‌లోనే ఎఫ్12 నొక్కించాను. జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ అని ఉంది. అది ఎంచుకోగానే విండోస్ మామూలుగా తెరుచుకుంది. ఫొటోలు, బిల్లులు, ప్రాజెక్టు అన్నీ ఉన్నాయి. డిలీట్ అయిన లినక్స్ భాగంలో ఉన్నవి మాత్రం వేరే సంగతి. ఆ జాగాలో కొత్తగా ఏమీ రాయకపోతే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాంతో చాలాసార్లు వెనక్కి తేవచ్చు. వాడు అప్పటికే అందులో ఒక పెద్ద గేమ్ ఎక్కించేశాడు. కొన్ని ప్రాక్టీస్ ప్రోగ్రాములు పోయాయి.

బూటబుల్ డివైస్ లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు అని వచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇది బూట్ లోడర్ లోపమే అయి ఉండనక్కరలేదు. ఎఫ్2 లేదా డిలీట్ కీతో సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్క్ పేరు అక్కడ కనిపిస్తోందేమో చూడండి. డిస్క్ పేరే లేకపోతే, లేదా లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే, అది డిస్క్ జబ్బు. మాటిమాటికీ ఆన్ చేయకుండా, డేటా రికవరీ తెలిసినవారికి చూపించండి. డిస్క్ ఉండి, తేదీ మాత్రం ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటే, మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయిందన్నమాట. పాత డెస్క్‌టాప్‌లలో ఇది తరచూ జరుగుతుంది. బ్యాటరీ పోతే సెట్టింగ్స్ అన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్తాయి, యూఈఎఫ్ఐ ఉండాల్సిన చోట లెగసీ అని మారిపోవచ్చు. కొత్త సీఆర్2032 బ్యాటరీ వేసి, ఆ సెట్టింగ్ మునుపటిలా పెడితే సరిపోతుంది. దీనికి కూడా ఫార్మాట్ కొట్టించుకున్నవారు నాకు తెలుసు.

ఇంకొకటి ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత ప్రపంచమంతటా చాలా డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోలేదు. పాత బూట్ లోడర్లను భద్రత కోసం అడ్డుకునే ఏర్పాటు అది. డ్యూయల్ బూట్ ఉన్నచోట వర్తించదని మైక్రోసాఫ్ట్ చెప్పినా చాలాచోట్ల వర్తించింది. ఆ వారం ఎందరు పిల్లలు చేయని తప్పుకు తిట్లు తిన్నారో.

పెన్‌డ్రైవ్‌తో రిపేరు

పై ఉపాయాలేవీ పనిచేయలేదు, డిస్క్ మాత్రం బాగుంది అంటే బూట్ లోడర్‌ను తిరిగి రాయాలి. దీనికి ఇంకో కంప్యూటర్, 16 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్, ఒక గంట సమయం కావాలి. ఉబుంటు వెబ్‌సైట్ నుంచి ఫైల్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ లేదా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అలా ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే చూసుకోండి.

అంతకంటే ముందు ఒక పని. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు మీకు తెలియకుండానే బిట్‌లాకర్ తాళం పడి ఉండవచ్చు. బూట్ సెట్టింగ్స్ మారిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్ వాడారో ఆ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే సాధారణంగా ఆ కీ అక్కడ ఉంటుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి. అకౌంట్ మీ అబ్బాయి లేదా అమ్మాయి పేరు మీద ఉంటే పాస్‌వర్డ్ వాళ్లకే తెలుస్తుంది. కేకలు వేసే కార్యక్రమం ఉంటే అది అయ్యాక పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరవండి. పెన్‌డ్రైవ్ పేరు జాబితాలో రెండుసార్లు కనిపించవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్ అయితే అదే ఎంచుకోండి. చాలామంది ఇక్కడే పొరబడి, అన్నీ సరిగ్గా చేసినా రిపేరు కాలేదంటారు.

తర్వాత వచ్చే తెర దగ్గర జాగ్రత్త. ట్రై ఉబుంటు, ఇన్‌స్టాల్ ఉబుంటు అని రెండు ఉంటాయి. మీకు కావలసింది ట్రై. ఇన్‌స్టాల్ నొక్కి, ఆ తర్వాత ఎరేజ్ డిస్క్ అనేది ఎంచుకుంటే మాత్రం నిజంగానే అంతా పోతుంది. ఈ వ్యాసంలో ఒక్క వాక్యానికి ఎర్ర గీత గీయాలంటే ఆ వాక్యానికే గీస్తాను.

ట్రై నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచే ఒక తాత్కాలిక ఉబుంటు తెరుచుకుంటుంది. వెంటనే రిపేరు మొదలుపెట్టకండి. ఫైల్స్ తెరిచి, ఎడమ పక్కన లేదా అదర్ లొకేషన్స్‌లో కనిపించే విండోస్ డ్రైవ్‌లోకి వెళ్లండి. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద డాక్యుమెంట్లు, ఫొటోలు ఉంటాయి. వాటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో ఇంకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. అన్నీ పోయాయనుకున్న ఇంట్లో ఈ ఫోల్డర్ తెరుచుకున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడటం నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన భాగం.

కాపీ అయ్యాక రిపేరు. కమాండ్లు తెలిసిన పిల్లలైతే లినక్స్ పార్టిషన్‌ను, దాని లోపల ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మౌంట్ చేసి, క్రూట్ ద్వారా అందులోకి వెళ్లి, గ్రబ్-ఇన్‌స్టాల్, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ నడుపుతారు. మొదటిది వాచ్‌మన్‌ను మళ్లీ ఉద్యోగంలో పెడుతుంది, రెండోది రిజిస్టర్ రాసి ఇస్తుంది. తెలియనివారికి బూట్-రిపేర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. నెట్ కలిపి, దాన్ని ఆ తాత్కాలిక ఉబుంటులోకి తెచ్చుకుని, రికమెండెడ్ రిపేర్ అనే బటన్ నొక్కితే ఈ పనులన్నీ అదే చేస్తుంది. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

మెనూలో ఉబుంటు వచ్చి విండోస్ పేరు రాకపోతే కంగారు పడకండి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ అనే సదుపాయాన్ని భద్రత కోసం ముందుగానే ఆపి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని ఆన్ చేసి, మళ్లీ అప్‌డేట్-గ్రబ్ నడిపితే విండోస్ పేరు వచ్చేస్తుంది. పది నిమిషాల పని, మీ పిల్లలే చేయగలరు.

లినక్స్ ఇక వద్దు, విండోస్ ఒక్కటే చాలనుకుంటే విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ కావాలి. అందులో పెద్ద అక్షరాల్లో ఇన్‌స్టాల్ అని, ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో రిపేర్ అని ఉంటాయి. వెర్షన్‌ను బట్టి మాటలు కొద్దిగా మారతాయి. రిపేర్‌లోకి వెళ్లి, ట్రబుల్‌షూట్ కింద స్టార్టప్ రిపేర్ నడపండి. పాత బయోస్ కంప్యూటరైతే అక్కడి కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ కమాండ్‌ను ఫిక్స్‌ఎంబీఆర్ అనే మాటతో కలిపి ఇస్తే, ఆ 446 బైట్ల చోట విండోస్ తన కోడ్ తిరిగి రాసుకుంటుంది.

షాపులో ఏమనాలి

ఇదంతా చేసే తీరిక అందరికీ ఉండదు, షాపుకు ఇవ్వడంలో తప్పులేదు. చాలా షాపుల్లో నిజాయితీగా పనిచేసేవాళ్లే ఉన్నారు. ఫార్మాట్ కొట్టి విండోస్ వేయడం వాళ్లకు అరగంటలో అయ్యే అలవాటైన పని, అందుకే ముందు అదే చెబుతారు. మీరు లోపలికి అడుగుపెట్టగానే "ఇందులో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. పోయింది బూట్ లోడర్ మాత్రమే. ముందు డేటా బ్యాకప్ తీయండి, నన్ను అడగకుండా ఫార్మాట్ చేయొద్దు, ఏ పార్టిషనూ డిలీట్ చేయొద్దు" అని చెప్పండి. జాబ్ కార్డు మీద ఆ మాట రాయించండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి.

ఇంట్లో డ్యూయల్ బూట్ ఉన్న పిల్లల కోసం మా కంప్యూటర్ ల్యాబ్‌లో ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌లు తయారుచేసి ఇస్తున్నాం. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున 16 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకుంటే, మీరు క్లాస్ టీచర్‌తో మాట్లాడి వచ్చేలోపు ఎక్కించి ఉంచుతాం. నల్ల తెర ఇప్పటికే వచ్చి ఉంటే ఫొటో కూడా తీసుకురండి. ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్లు చార్జర్ మరవకండి, రిపేరు మధ్యలో బ్యాటరీ అయిపోతే మళ్లీ మొదటికి వస్తుంది.